ఆవిడ గొంతు, నా తెలుగు

మొన్న ఒక యూనివర్సిటీ అమ్మాయి ఫోన్ చేసి, మా పై ఇంటి ఆంటీ మీద వ్యాసం రాస్తున్నానని, ఆవిడ ఏయే ఊళ్ళలో పాడిందో, ఎన్ని రికార్డులు ఇచ్చిందో చెప్పమంది. నాకేం తెలుసు? ఈ పరాయి దేశంలో, జాన్సన్‌విల్ అనే పేటలో ఆవిడ చెక్క ఇంటి కింది భాగంలో ఆరేళ్ళు అద్దెకున్నదాన్ని. ఏ పూట ఆవిడకి ఏ మోకాలు నొప్పో చెప్పగలను గానీ జీవితచరిత్ర నావల్ల కాదని పెట్టేశాను. పెట్టాక సాయంత్రమంతా ఆవిడే గుర్తొచ్చింది.

ఆంటీది జాజ్ పాట. పడుచుతనంలో ఓడల మీదా హోటళ్ళలోనూ బ్యాండ్లతో పాడిందట. నేను చూసేసరికి అరవై దాటి, గురువారం మధ్యాహ్నాలు స్టేషన్ దగ్గరి కఫేలో పదిమంది రిటైరైన వాళ్ళకి పాడుతుండేది. బొంగురుగా, మెల్లగా మెట్లు దిగుతున్నట్టుండే గొంతు. ఆవిడ రెండో పని మాట్లాడడం. పుట్టినప్పుడు ఆవిడ ఒళ్ళు ఆడపిల్లదనో మగపిల్లాడిదనో ఒక్కమాటలో చెప్పేలా లేదు. ఇంటర్‌సెక్స్ అంటారు. పసికందుగా ఉండగానే డాక్టర్లు కోసి ఆడపిల్లగా సరిచేశారు. ఆ సంగతి ఆవిడకి నలభై ఏళ్ళ వయసులో, పాత ఫైలు చేతికొస్తే తెలిసింది. అప్పట్నుంచీ ఇంకో బిడ్డకి అలా జరక్కూడదని హాళ్ళలో, కమిటీల్లో, మెడికల్ స్టూడెంట్ల ముందు తన కథే చెప్పేది. కొన్నిసార్లు నేనే డ్రైవ్ చేసి తీసుకెళ్ళేదాన్ని. తిరిగొస్తూ కార్లో బూట్లు విప్పేసి, "పాట ఎన్నిసార్లు పాడినా అరగదు. ఇది చెప్పినప్పుడల్లా నేను కొంచెం అరుగుతాను," అనేది. పాపం అనుకుని, ఇంటికెళ్ళి ఏం కూర చెయ్యాలా అని ఆలోచించేదాన్ని. మన గడప తొక్కనంత వరకూ ఏదైనా అంతే కదా.

మా బిడ్డ పుట్టినప్పుడు, ఆడో మగో వెంటనే చెప్పలేమన్నారు. పరీక్షలయ్యాక, ఆరోగ్యానికి ఢోకా లేదు, ఆడపిల్లగా పెంచుకోవచ్చు, చూపుకి తేడా తెలియకుండా ఆపరేషన్ కావాలంటే చేయించుకోవచ్చు, తొందరేం లేదన్నారు. పురిటికని ఒంగోలు నుంచి వచ్చిన మా అత్తగారికి మాత్రం తొందరే. రోజూ సాంబ్రాణి వేసి స్మోక్ అలారం మోగించే ఆవిడే బిడ్డని కాళ్ళ మీద వేసుకుని నీళ్ళు పోసేది, ఇక దాపరికం ఎక్కడ? "ఊరెళ్తే నలుగురూ నీళ్ళు పోస్తారమ్మా, చూడరూ? మూడో నెల బారసాల లోపల కానిచ్చెయ్యండి," అని రోజూ అదే పాట. మా ఆయన వాళ్ళమ్మ ఎదుట నోరెత్తడు. నాకూ, నిజం చెప్పొద్దూ, ఆ సంతకమేదో పెట్టేస్తే ప్రాణం కుదుటపడుతుందనిపించింది.

కానీ కార్లో ఆవిడ అన్న మాట వదల్లేదు, చివరికి పైకెళ్ళి మా వాళ్ళకి ఓసారి మీ కథ చెప్పండని ఆంటీని బతిమాలాను. గొంతు పాడైందని, శనివారం కచేరీ దాకా మాట్లాడొద్దని డాక్టర్ ఆవిడకి గట్టిగా చెప్పిన వారం అది. కాసేపు నన్నే చూసి, గోడ పట్టుకుని మెట్లు దిగింది. మా సోఫాలో కూర్చుని గంటన్నర ఇంగ్లీషులో చెప్పింది. ఎక్కడ కోశారో, ఆ మచ్చలు పెరిగేకొద్దీ ఎలా లాగేవో, అక్కడ స్పర్శన్నది ఎలా లేకుండా పోయిందో, ఏటేటా ఎంతమంది డాక్టర్లు దుప్పటి ఎత్తి చూశారో, ఏదీ దాచుకోకుండా చెప్పింది. అత్తగారికి తెలుగులో చెప్పాల్సింది నేను. అత్తగారి ముందు ఆ మాటలు నా నోట ఎలా వస్తాయి? "చిన్నప్పుడు ఏదో ఆపరేషన్ అయిందట, కొంచెం ఇబ్బంది పడిందట," అన్నాను. అత్తగారు ఆంటీని ఎగాదిగా చూసి మెచ్చుకోలుగా నవ్వింది.

"చూశావా, చేయించబట్టే కదా మహారాణిలా పాడుకుంటూ తిరుగుతోంది! రేపే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి."

ఆ నవ్వు చూసి, తను చెప్పింది చేరలేదని ఆంటీ కనిపెట్టింది. కోప్పడలేదు. "ఇంకోసారి చెప్పే ఓపిక నాకు లేదు. నువ్వే చెప్పాలి," అంది గుసగుసగా. తల దించుకుని మొదటినుంచీ మళ్ళీ చెప్పాను. తెలుగులో నేను ఎప్పుడూ పైకి అనని మాటలన్నీ అన్నాను. మా ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళబోయి తలుపు దగ్గరే నిలబడిపోయాడు. "నన్నెవరూ అడగలేదు, మీ బిడ్డని అడగగలిగేదాకా ఆగండి అంటోంది అత్తయ్యా," అని ముగించాను.

అత్తగారు మళ్ళీ ఆంటీ వైపు చూసింది. "ఈవిడ వాళ్ళమ్మ ఊరుకుందా?" అంది. ఎవరికీ చెప్పొద్దని డాక్టర్లంటే, ఆ తల్లి పోయేదాకా కూతురికి కూడా చెప్పలేదట. అది విని అత్తగారు కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఊరెళ్ళినా నీళ్ళు నేనే పోస్తాను. ఎవర్నీ ముట్టుకోనివ్వను. ఆపరేషన్ వద్దు," అంది.

శనివారం కచేరీలో ఆంటీ రెండో పాట మధ్యలో ఆగిపోయింది. మిగతాది బ్యాండ్ వాళ్ళు వాయించి ముగించారు. మా ఇంట్లో ఖర్చయిన గంటన్నర వల్లేనని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు, ఇద్దరం ఆ ఊసెత్తలేదు. ఆ తర్వాత ఆవిడ మరెక్కడా పాడలేదు. ఆవిడ పోయి రెండేళ్ళయింది.

మా పిల్లకి ఇప్పుడు ఆరేళ్ళు. దాని ఒంటి సంగతి దానికి అర్థమయ్యేంత మటుకు చెబుతూనే ఉన్నాం. ప్రతి చెకప్‌లోనూ అవే ప్రశ్నలు, అవే జవాబులు, విసుగొస్తుంది. ఆ రోజే సంతకం పెట్టేసి ఉంటే ఈపాటికి మర్చిపోయేవాళ్ళం కదా అని కూడా అనిపిస్తుంది, అబద్ధమెందుకు. మేం మర్చిపోయేవాళ్ళం, అది మోసేది. అందుకే ఏళ్ళు ఎంత నెమ్మదిగా గడిచినా నేను తొందరపెట్టను. ఈ ఏళ్ళు దానివి.