చేపల ఐసు మీద మంచు మిషన్

చెన్నైలోని మనలి ఫ్యాక్టరీలో కాంట్రాక్టు వాళ్ళను తీసేశాక, మా ఆయన రాయపురంలో ఒక పాత ఇనుము అంగడి నుంచి మిషన్ ఒకటి తెచ్చాడు. విదేశాల తుక్కుతో కలిసి ఓడలో వచ్చిందట. అంగడివాడు దాన్ని పొలం దున్నేదనుకున్నాడు. నిజానికది దారిమీద పేరుకున్న మంచును మెలి తిరిగిన ఇనుప మరతో లాక్కుని, పై గొట్టంలోంచి పక్కకు విసిరేసే యంత్రం.

మా అత్త దాని చుట్టూ ఒకసారి తిరిగి చూసింది. "ఈడ మార్గళి నెల చలిలో కూడా ఫ్యాన్ ఆపం. దీన్ని ఎవురు కొంటారురా? ఫ్రిజ్జులో తోసుకునేదానికా?"

"ఈడ కాదుమా, కశ్మీర్‌లో ఉండారు. ఇదొకటి అమ్ముడుపోతే రిపేరు షెడ్ వేసుకుంటా. ఆమె పిల్లను వదిలిపెట్టి నైట్ షిఫ్ట్‌కు పోనక్కర్లేదు."

ఆమె అంటే నేను. షోళింగనల్లూరు ఆఫీసులో నా సెలవు అయిపోవస్తోంది. పాపకు ఇంకా ఏడాది నిండలేదు. నా పక్కన తప్ప నిద్రపోదు. ఆ ఇనుము మీద నమ్మకం లేకపోయినా ఆశ మాత్రం పెట్టుకున్నాను.

వానలున్నన్నాళ్ళూ ఆయన మెట్ల కింద కూర్చుని తుప్పు గీకాడు, కార్బొరేటర్ కడిగాడు, ఎర్ర రంగు వేశాడు. మరను ఇరుసుకు పట్టి ఉంచే బోల్టులు రెండూ విరిగి ఉన్నాయి. "ఎంత మెత్తటి సరుకో చూడు" అని నాకు చూపించి, లారీలకు వాడే గట్టి ఉక్కు బోల్టులు బిగించాడు. మాకు తెలిసిన రిపేరు అదే. విరిగినదాని చోట విరగనిది పెట్టడం.

ఆన్‌లైన్ ప్రకటన చూసి ఒకాయన ఫోన్ చేశాడు. కశ్మీర్‌లో హోటల్ ఉందట, పెళ్ళికని చెన్నై వస్తున్నాడట. నడిపి చూపిస్తే తీసుకుంటానన్నాడు. మంచు ఎక్కడ తేవాలి? రాయపురం హార్బర్‌లో చేపల మీద పోసే ఐసు ఆటోలో తెచ్చి గేటు ముందు గుమ్మరించాం. అత్త మిషన్‌కు పసుపు, కుంకుమ పెట్టి చక్రాల కింద నిమ్మకాయలుంచింది.

"చేపలంగడి పెట్టినారా అక్కా?" అని ఎదురింటామె నవ్వింది.

హోటలాయన వచ్చాక మా ఆయన తాడు లాగగానే ఇంజన్ అందుకుంది. ఐసు గోడమీదికి లేచి తెల్లగా రాలింది. వీధి పిల్లలు కేకలు పెట్టారు. పాపను ఎత్తి చూపించాను. ఆఫీసుకు రానని చెప్పడానికి మాటలు కూడా కూర్చుకున్నాను.

అంతలో సరిగా పగలని ఐసు గడ్డ ఒకటి మరలో ఇరుక్కుంది. ఇంజన్ మూలిగింది. లోపల ఏదో ఫట్టుమంది. ఐసు మీద నల్లగా నూనె పాకింది.

హోటలాయన వంగి బోల్టులు చూశాడు. మాకు అర్థమయ్యేలా నిదానంగా హిందీలో చెప్పాడు: అవి విరగడానికే పెడతారట. ఏదైనా అడ్డం పడితే ముందు అవి తెగిపోయి గేర్ పెట్టెను కాపాడతాయట. మావి తెగలేదు, పెట్టె పగిలింది. ఇంకో పెట్టె దొరికితే ఫోన్ చెయ్యమన్నాడు. అది ఎక్కడా దొరకదని ఆయనకూ తెలుసు.

"లోపలికి దా నాయనా, కాళ్ళు తడిసిపోయినాయి," అంది అత్త. మా ఆయన కదల్లేదు.

మరునాడు ఆఫీసుకు ఫోన్ చేసి వస్తానన్నాను. నైట్ షిఫ్టే ఉందన్నారు. సరేనన్నాను.

ఇప్పుడు రోజూ పాపను ఆయన భుజాన వేసి, ఎక్కడ తట్టాలో చూపించి, బయటికొచ్చి తలుపు వేస్తున్నాను. లోపల ఏడుపు ఆగడం లేదు.