ఆదివారం నడ్వని మోటారు

గద్వాలల టీవీలు, రేడియోలు బాగుచేసే దుకాణం పెట్టిననాడు నాకు ఇరవై నాలుగేండ్లు. డిప్లొమా ఉన్నది, దానికి రెండింతల గర్వం ఉన్నది. అదే ఏడు వనపర్తిల ఒక ప్రైవేటు బడికి, టైముకు దానంతటదే కొట్టే గంట చేసిచ్చిన. చిన్న బోర్డు. కరెంటును సన్నగ చేసే భాగం, గడియారం చిప్పు, స్విచ్చు లెక్క పనిచేసే రిలే. వాటిని నడిపే ప్రోగ్రాం రాయనీకె పది రోజులు పట్టింది. ఇగ జిందగీల మల్ల రాయొద్దు, ఎవరడిగినా ఇదే అంటగట్టాలె అనుకున్న.

నాలుగు నెలలకు మల్దకల్ దిక్కు నుంచి ఒక మిరప రైతు వచ్చిండు. బోరు మోటారు పొద్దుగాల ఆరింటికి నడిచి, ఏడింటికి బందయ్యేటట్టు ఏమన్న చెయ్యమన్నడు. అదే బోర్డు, అదే ప్రోగ్రాం. టైములు మార్చి, ఒక్క పూటల బిగించి వచ్చిన.

సోమవారం ఆయన దుకాణానికొచ్చిండు. నిన్న మోటారు నడ్వలేదట. పోయి చూస్తె మంచిగనే నడుస్తుంది. వోల్టేజీ తక్కువైంది అంటె నమ్మిండు. మల్ల సోమవారం వచ్చిండు. రిలే మార్చి, దాన్ని తయారుచేసినోళ్లను నాలుగు తిట్టిన. మూడో సోమవారం చేనుకాడికి పోయి బోర్డు పెట్టిన పెట్టె విప్పితె చచ్చిన బల్లి దొరికింది. అంత సంతోషం నాకు నా పెండ్లిల గూడ కాలే. అంతా దీనివల్లనే అని ఖరాఖండిగ చెప్పిన.

పక్కన కాయలు ఏరుతున్న ఆయన భార్య లేచొచ్చింది. "బిడ్డా, బల్లి గిప్పుడు చచ్చింది. నీ మోటారు ఆదివారం ఆదివారం పండుకుంటుంది. మేమంటె చర్చికి పోతం. దానికేం పని?"

అప్పుడు యాదికొచ్చింది. బడికి ఆదివారం సెలవు. ఆ సెలవు సంగతి ప్రోగ్రాంల అట్లనే మిగిలింది. నా దుకాణం గూడ ఆదివారం బందే, అందుకే ఒక్కనాడూ నా కండ్లబడలే.

ఇంకో అబద్ధం నోటిదాకా వచ్చింది గని, ఆమె మొఖం చూసి ఉన్నదున్నట్టు చెప్పిన. ఆయన నవ్వి నవ్వి గట్టు మీద కూసున్నడు. ఆమె నవ్వలే.

"బడిపోరల గంట తెచ్చి మా మిరపకు కట్టినవా?"

అవునన్న.

ఆ వారమే ప్రోగ్రాంను ముక్కలు చేసిన. గడియారం వేరే, సెలవు వేరే, రిలే వేరే. వాళ్ల మోటారుకు సెలవు ముక్క తీసేసిన. ఏది ఎవరికి పెట్టాలె, ఎవరికి పెట్టొద్దు అని నోటుబుక్కుల తెలుగుల రాసిన. తర్వాత కోళ్ల షెడ్డు లైట్లకు, నాగర్‌కర్నూల్‌ల ఒక దవాఖాన నీళ్ల ట్యాంకుకు అవే ముక్కలు అతికిచ్చిన, ఎవరూ పరేషాన్ కాలే. ఆ ఆలుమగలు రెండో బోరుకు గూడ నన్నే పిలిచిన్రు. కాకపోతె బిగించినంతసేపు ఆమె నా పక్కనే కూసొని, ఏ ముక్క ఎందుకో ఒక్కొక్కటి చెప్పిచ్చుకున్నది.