పక్కింటికి వినబడని గిటారు

మా అక్క మొగుణ్ణి బస్సు డిపోలో అందరూ పిల్లి అంటారు. నడిస్తే అడుగుల చప్పుడుండదు, మాట్లాడితే పక్కవాడికి వినబడదు. అన్నిటికీ మించి, బస్సు నడుపుతూ హారన్ కొట్టడు. ముందెవరో ముసలాయన కూరగాయల సంచీ పట్టుకుని రోడ్డు మధ్యలో నింపాదిగా పోతుంటే, ఆయనంతట ఆయన పక్కకి తప్పుకునేదాకా అంత బస్సునీ ఆయన వెనకే మెల్లగా నడిపిస్తాడు. వెనక సీట్లవాళ్ళు "ఏం డ్రైవరుగారూ, హారన్ పీకి ఇంట్లో పెట్టొచ్చారా?" అని అరుస్తారు. బావ అద్దంలోంచి చూసి నవ్వుతాడు. "పాపం, పెద్దాయన ఉలిక్కిపడతాడండీ" అంటాడు.

మంచివాడే. కాదని నేనన్నానా? ఆ మంచితనం వీధిలోవాళ్ళకి సుఖం, ఇంట్లోవాళ్ళకి శిక్ష అని మాత్రం అంటాను. ఎవరేమనుకున్నా సరే.

పెళ్ళికాక ముందు బావ ఒక పాటల బృందంలో గిటారు వాయించేవాడు. కరెంటు గిటారు. బృందం విడిపోయింది, స్పీకర్లూ ఆంప్లిఫయరూ ఎవరివి వాళ్ళు పట్టుకుపోయారు, బావకి గిటారొక్కటే మిగిలింది. ఆంప్ లేని కరెంటు గిటారు ఉప్పులేని కూరలాంటిది. చెవి దగ్గర పెట్టుకుంటే దోమ పాడినట్టు పాడుతుంది. అయినా బావ డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, మంచం చివర కూర్చుని రోజూ దాన్ని మీటేవాడు. అక్క ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చునేది.

అక్కది బట్టల మిల్లులో పని. మగ్గాల షెడ్డు. ఒకసారి నేను లోపలికి వెళ్ళాను, తల పగిలిపోయింది. అంత మోతలో మాట ఎక్కడ వినబడుతుంది? అక్కడివాళ్ళంతా పెదాలు బాగా కదిపి మాట్లాడతారు, ఎదుటివాళ్ళ మూతి చూసి అర్థం చేసుకుంటారు. ఆ చివరి మగ్గం దగ్గరున్నావిడ ఈ చివరున్నావిడతో కాపురం కబుర్లన్నీ చెప్పుకుంటుంది, గొంతు లేకుండానే. ఆ అలవాటు అక్కకి ఇంట్లోనూ ఉండేది. మనం ఏం చెప్పినా మూతివంకే చూస్తుంది. "నా మూతికేమన్నా అంటుకుందా ఏమిటే?" అని నేను ఏడిపించేదాన్ని.

మిల్లు పని మానేసే రోజు దగ్గరపడుతుంటే బావ అడిగాడు, "ఇన్నేళ్ళు కష్టపడ్డావు, నీకేం కావాలో చెప్పు" అని. చీర అంటుందనుకున్నాం, గాజులంటుందనుకున్నాం.

"మీ గిటారుకి ఆంప్ కొనండి" అంది అక్క. "నేను బాగా వినాలి. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడు వింటాను?"

ఆ రోజు బావ మొహం చూడాలి. చిన్నపిల్లాడైపోయాడు. ఇక ప్రతి సెలవు రోజూ సంగీత వాయిద్యాల షాపుకి పోవడం, అన్నీ తాకి చూడడం, వట్టి చేతులతో తిరిగి రావడం. వాళ్ళ ఇల్లు చూస్తే మీకే అర్థమవుతుంది. రెండు గదులూ ఒక వంటగదీ. ఇటు తుమ్మితే అటు చిరంజీవ అనేంత పల్చటి గోడలు. గోడకి అవతల రిటైరైన లెక్కల మాస్టారు. కింద ఇంట్లో నర్సమ్మ, రాత్రి డ్యూటీ చేసి పగలు పడుకుంటుంది. బావ బీరువాకీ మంచానికీ మధ్య ఖాళీని దర్జీ టేపుతో కొలిచాడు. ఒకసారి కాదు, షాపుకి వెళ్ళే ముందు ప్రతిసారీ. ఈ మధ్యలో ఖాళీ పెరుగుతుందనుకున్నాడో ఏమో!

"నన్ను చూసుకోడానిక్కూడా ఒక్కసారే వచ్చారు" అని అక్క నవ్వింది. "దీనికి ఇన్నిసార్లా?"

చివరికి ముగ్గురం కలిసి వెళ్ళాం. షాపాయన మూడు పెట్టాడు. ఒకటి అరచేతిలో పట్టేంతది, బ్యాటరీతో పనిచేస్తుంది. దాని గొంతు రేడియోలో జలుబు చేసిన మనిషిలా ఉంది. రెండోది టిఫిన్ డబ్బా అంత. చిన్న స్పీకరు, వెనకాల హెడ్‌ఫోన్లు పెట్టుకునే సాకెట్టు. మూడోది చెక్క పెట్టె, ముందు గుడ్డ పరిచిన పెద్ద స్పీకరు. బావ ఒక్కొక్కదానికీ గిటారు తగిలించి అదే పాట వాయించాడు, షాపులో కూడా భయపడుతూ భయపడుతూ. వాయించినప్పుడల్లా అక్క వంగి ఆ డబ్బా మీద అరచెయ్యి ఆనించింది. మూడోదాని మీద చెయ్యి పెట్టగానే ఆమె మొహం వెలిగింది.

"ఇది తీసుకోండి" అంది.

"అబ్బే, ఇదా? ఇది పెడితే మాస్టారు ఇల్లు ఖాళీ చేసి పోతారు."

"సౌండు తగ్గించుకోడానికి నాబ్ ఉంది కదండీ" అన్నాడు షాపాయన.

"తగ్గించుకునేదానికి పెద్దదెందుకండీ? పైగా పెద్ద స్పీకరు తగ్గించి పెడితే అంత బాగా మోగదంటారు కదా." ఇన్ని సెలవు రోజులు తిరిగి సంపాదించిన జ్ఞానమంతా బయటికి తీశాడు బావ. మాట అబద్ధమూ కాదు. "మన ఇంటికి రెండోదే సరి. హెడ్‌ఫోన్లు పెట్టుకుంటే పక్కింటికి వినబడదు."

"పక్కింటికి సరే. నాకో?"

"నీకూ ఇబ్బంది ఉండదు."

అక్క మళ్ళీ ఆ చెక్క పెట్టె మీద చెయ్యి వేసింది. "నాకిదే నచ్చింది" అంది. ఎన్నడూ ఏదీ రెండోసారి అడగని మనిషి. నాకు ఒళ్ళు మండింది. "బావా, కొనేది నీకా అక్కకా? అది కావాలంటోంది కదా!" అన్నాను.

"నువ్వూరుకోవే మరదలా. నన్ను సంతోషపెట్టాలని మీ అక్క పెద్దది చూపిస్తోంది, నాకు తెలీదూ?" అన్నాడు బావ. అంతా తెలిసినట్టే తల పంకించాడు కూడా.

టిఫిన్ డబ్బా ఇంటికొచ్చింది. బీరువాకీ మంచానికీ మధ్య కొలిచి కోసినట్టు సరిపోయింది. ఇక చూడండి వినోదం. పెళ్ళాం వినాలని కొన్న ఆంప్ శబ్దాన్ని చెవులకి తగిలించుకుని బావ ఒక్కడే వినడం మొదలుపెట్టాడు. కళ్ళు మూసుకుని ఊగిపోయేవాడు. మనకి మాత్రం తీగల మీద గోళ్ళు తగిలే టిక్కుటిక్కులే. అప్పుడప్పుడు హెడ్‌ఫోన్లు తీసి అక్క తలకి పెట్టి, చెవులు నొప్పి పుడతాయని సౌండు తగ్గించి వాయించేవాడు. అక్క అతని వేళ్ళూ మొహమూ మార్చి మార్చి చూసి, "బాగుందండీ" అనేది. బావకి అది చాలు.

ఏడాది గడిచింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉన్నాను. బావ తలకి హెడ్‌ఫోన్లు, ఒళ్ళో గిటారు. అక్క మాకు వీపు పెట్టి, కిటికీ దగ్గర నిలబడి ఉతికిన బట్టలు మడతపెడుతోంది. నేను మంచినీళ్ళకని లేచాను, హెడ్‌ఫోన్ల వైరు కాలికి తట్టుకుంది, సాకెట్లోంచి ఊడొచ్చింది.

అమ్మో! ఇల్లు అదిరింది. హెడ్‌ఫోన్లుంటే బయట ఎవరికీ వినబడదు కదా అని బావ సౌండు ఎంత పెంచుకునేవాడో అప్పుడు తెలిసింది. పిల్లి కాదు, పులి! నేను కెవ్వుమన్నాను. బావ చెయ్యి నాబ్ మీదికి పరిగెత్తింది. అక్కడే ఆగిపోయింది.

అక్క వెనక్కి తిరగలేదు. దిండు గలీబు దులిపి, అంచులు కలిపి మడత పెడుతోంది.

బావ నావంక చూశాడు. నేను అక్కవంక చూశాను. జన్మలో హారన్ కొట్టనివాడు, చెయ్యెత్తి ఆరు తీగలనీ ఒక్కసారిగా బలంకొద్దీ కొట్టాడు. కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అక్క ఇంకో గలీబు అందుకుంది.

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టని అంటూ ఉంటాం కదా, ఎంత తేలిగ్గా అనేస్తామో. ఆ రోజు నుంచి ఆ మాట నా నోట రాలేదు.

బావ గిటారు మంచం మీద పడేసి వెళ్ళి అక్క ముందు నిలబడ్డాడు. ఆయన మొహం చూడగానే అక్కకి అర్థమైపోయింది. చేతిలో బట్ట కింద పెట్టింది.

"ఎప్పట్నుంచి?" అన్నాడు.

"మిల్లులో ఉండగానే మొదలైంది. మెల్లమెల్లగా పోతూ వచ్చింది."

"చెప్పొద్దూ నాకు?"

"చెబితే మీరు వాయించడం మానేస్తారు. మీ సంగతి నాకు తెలీదా? వినేవాళ్ళు లేకపోతే మీరు ఆ తీగ ముట్టుకోరు." అక్క ఆ టిఫిన్ డబ్బావంక చూసింది. "ఆ షాపులో పెద్దదాని మీద చెయ్యి పెడితే అప్పటికింకా కాస్త వినబడిందండీ. చేతికీ తెలిసింది, చెవికీ అందింది. పాట పాటలాగే ఉంది. అందుకే అది కొనమన్నాను."

బావ ఏడ్చాడు. ఆ ఏడుపూ చప్పుడు లేకుండానే. నాకు జాలీ వేసింది, కోపమూ వచ్చింది. ఆమె ఏమో చెప్పదు, ఈయనేమో అడగడు! ఒకరి సుఖం ఒకరు చూసుకుంటూ చేతిలో ఉన్నదాన్ని ఇద్దరూ కలిసి పోగొట్టుకున్నారు.

చెవుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాం. మిషను పెడితే మాటలు కాస్త అందుతాయి, పాట మాత్రం పాటలా అందడం కష్టం అంది. ముందే వచ్చుంటే ఉన్నదాన్ని ఇంకొన్నాళ్ళు కాపాడుకునేవాళ్ళేమో అని కూడా అంది. బావ ఆ మాట దగ్గరే ఆగిపోయాడు. దారంతా అదే గొణుక్కున్నాడు. "ఏడాది. ఏడాదంతా ఎదురుగా కూర్చోబెట్టుకుని నేనొక్కణ్ణే విన్నాను."

మర్నాడు మాస్టారి తలుపు తట్టాడు. చేతులు కట్టుకుని, ఇక నుంచి ఇంట్లో కాస్త సౌండు వస్తుంది, ఏమీ అనుకోవద్దు అని బతిమాలాడు.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చూశారు. "వాయించుకోవయ్యా, పగలే కదా. నేనెప్పుడైనా వద్దన్నానా?"

అనలేదు. ఎవరూ అనలేదు. నర్సమ్మ కూడా, తను లేచాక సాయంత్రాలు ఎంతసేపైనా వాయించుకోమంది. బావ ఇన్నేళ్ళూ ఎవరికి భయపడ్డాడో వాళ్ళెవరికీ ఆ సంగతే తెలియదు.

ఆ చెక్క పెట్టె షాపులోనే ఉంది, అదొక్కటీ అదృష్టం. బావ తనే భుజాన వేసుకుని మెట్లన్నీ ఎక్కించాడు. బీరువా పక్కన పట్టలేదు. మంచం జరిపి గది మధ్యలో పెట్టాడు. ఇక అందరూ దాన్ని చుట్టుకుని నడవాల్సిందే.

బావ సొంతంగా కట్టిన బాణీలు రెండో మూడో ఉన్నాయి. మాటల్లేవు, పేర్లు అక్క పెట్టింది. వాన పాట, పడవ పాట అని. అక్క నేలమీద కూర్చుని రెండరచేతులూ పెట్టె మీద ఆనించింది. బావ వాయించి ఆపాడు.

"ఏం పాటో చెప్పు చూద్దాం" అన్నాడు, పెదాలు బాగా కదుపుతూ.

అక్క ఆలోచించింది. "పడవ పాట."

అది వాన పాట. నేను నోరు తెరవబోతే బావ నావంక ఒక చూపు చూశాడు. "అవును, అదే" అన్నాడు.

అక్క ఆయన మొహంలోకి చూసింది. ఉద్యోగమంతా మొహాలు చదివిన మనిషి దగ్గరా ఈయన వేషాలు!

"కాదులెండి" అంది నవ్వుతూ. "మీకు అబద్ధం చెప్పడం రాదు. పోనీ, ఇప్పుడు పడవ పాటే వాయించండి. అదెలా ఉంటుందో నాకు గుర్తుంది."

చేతులు పెట్టె మీంచి తీసి ఒళ్ళో పెట్టుకుంది. కళ్ళు మూసుకుంది. బావ నాబ్ చివరిదాకా తిప్పి అందుకున్నాడు. ఆయన అంత బాగా వాయించడం నేనెప్పుడూ వినలేదు. అక్క తనకి గుర్తున్న పాటకి తలూపుతోంది, బావ ఆమె తలనే చూస్తూ ఆ ఊపుకి తగ్గట్టు వేళ్ళు కదుపుతున్నాడు. పాట అయిపోయింది. అక్క తల ఇంకా ఊగుతూనే ఉంది. బావ మోచేత్తో కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి అందుకున్నాడు.