పోటీ రోజు పొద్దున్న కోడలికి నూనె పట్టించాను

శుక్రవారం సాయంత్రం వైజాగ్ నుంచి మా కోడలు శిరీష ఫోన్ చేసింది. "బరువు సరిపోయినాది అత్తా" అంది గాని, గొంతు పీలగా, ఎవరిదో గొంతులా ఉంది. మర్నాడు శనివారం మధ్యాహ్నం దానికి మొదటి ప్రొఫెషనల్ ఎంఎంఏ ఫైట్. ఇన్నాళ్ళూ మెడల్ కోసం ఆడింది, ఇది డబ్బిచ్చి ఆడించేది. గెలిస్తే ఇంకో రెండు ఫైట్లకు కాగితం రాసిస్తామన్నారు. ఓడితే మళ్ళీ స్కూల్లో పిల్లలకు డ్రిల్లు చెప్పుకోవడమే. నన్ను మాత్రం రావద్దన్నారు. కోచ్ నాయుడు మాస్టారు మొహం మీదే చెప్పేశారు: "అమ్మా, నువ్వొస్తే నీ బెంగ దానికంటుకుంటాది. ఇంటికాడుండి ఫోన్లో సూసుకో." సరేనన్నాను. కానీ ఆ గొంతు విన్నాక నాకు నిద్ర పట్టలేదు. మా అబ్బాయి లారీ లోడుతో రాయపూర్ వైపు వెళ్ళాడు. ఆ పిల్ల పక్కన మన మనిషి ఒక్కరూ లేరే అనిపించి తెల్లారగట్ల బయల్దేరిపోయాను. మీ ఇంట్లోనూ ఈ ఆట ఆడేవాళ్ళుంటే, వాళ్ళ వెనక మీరూ వెళ్ళాల్సొస్తే పనికొస్తుందని ఇదంతా రాస్తున్నాను. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎంఎంఏ అంటే తెలియని వాళ్ళకు ఒక మాట. గుద్దులు, తన్నులు, కుస్తీ, నేల మీద పట్లు అన్నీ కలిసిన ఆట అది. చుట్టూ వల కట్టిన ఎనిమిది మూలల చోట ఆడతారు, దాన్ని కేజ్ అంటారు. కోడలు కాపరానికొచ్చిన కొత్తలో దీన్ని మాన్పించాలని చూశాను. మానలేదు. ఏ ఎముక విరుగుతుందోనన్న భయంతో రోజూ పొద్దున్నే దాని వెనకే వెళ్ళి, నర్సీపట్నంలో పాత జీడిపిక్కల గోడౌన్లో మాస్టారు పరుపులు పరిచి నేర్పేచోట కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. నాలుగేళ్ళు అలా కూర్చునేసరికి నాకే ఆట అర్థమైంది. ఇప్పుడు ఫోన్లో బయటి దేశాల ఫైట్లు కూడా చూస్తాను. నిలబడి కొట్టుకుంటుంటే చూడలేను, నేల పట్లంటేనే ఇష్టం. ఫైటుకి ముందు మైకు పట్టుకుని అవతలివాడి ఇంట్లోవాళ్ళను తిట్టేవాళ్ళు ఎంత గొప్ప ఆటగాళ్ళైనా నాకు పడరు. ట్రైనింగ్‌లో రోజూ తలలు పగిలేలా కొట్టించే కోచ్ అసలు కోచే కాడు. మా మాస్టారు వారంలో ఒక్కరోజే గట్టిగా కొట్టుకోనిస్తారు, మిగతా రోజులన్నీ పడడం, లేవడం, తప్పించుకోవడమే. అందుకే ఆయన కోప్పడినా పడతాను.

మా ఊరి బస్సు కాంప్లెక్స్‌లో ఐదూ నలభైకి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆడవాళ్ళకు ఉచితమే గాని ఆధార్ కార్డు చేతిలో ఉండాలి, సున్నా టికెట్ కొట్టి ఇస్తారు. కార్డు ఉందో లేదోనని సంచీ నాలుగుసార్లు వెతుక్కున్నాను. సంచీలో కార్డుతో పాటు గొలుగొండలో గానుగ ఆడించిన నువ్వుల నూనె సీసా, రెండు కొబ్బరిబోండాలు, ఒక చీర. కండక్టర్ ఎక్కడికని అడిగితే, "వైజాగ్ బాబూ, మా కోడలి ఫైటుంది" అన్నాను.

"కోడలితో ఫైటుకి వైజాగ్ దాకా ఎందుకు మామ్మా, నర్సీపట్నంలో అవదేటి?" అన్నాడు.

వెనక సీట్లవాళ్ళంతా నవ్వారు. ఆట సంగతి చెప్తే నమ్మలేదు. ఫోన్లో కోడలి ఫొటో చూపించాను. కాసేపు చూసి, "ఐతే నువ్వు ఇంట్లో జాగర్తగా ఉండాల మామ్మా" అని ముందుకెళ్ళిపోయాడు. మాకవరపాలెం, తాళ్ళపాలెం మీదుగా అనకాపల్లి చేరేసరికి ఏడున్నర. అక్కడ పది నిమిషాలు ఆగుతుంది, టీ తాగొచ్చు, నేను మాత్రం బస్సు వదిలేస్తాడేమోనని దిగలేదు. గాజువాక దగ్గర ట్రాఫిక్కులో అరగంట పోయింది. ఎనిమిదీ యాభైకి వైజాగ్ కాంప్లెక్స్‌లో దిగి, ఆటోకి నూటిరవై ఇచ్చి వాళ్ళు దిగిన లాడ్జికి వెళ్ళాను. అతను నూట యాభై అడిగాడు.

తలుపు తీసిన కోడలు సగమైపోయింది. దాని మామూలు బరువు యాభై ఏడు, ఆడేది యాభై రెండు కేజీల తరగతిలో. ఆఖరి రెండు రోజులూ నీళ్ళు కూడా మానేసి దిగింది. శుక్రవారం బరువు చూశాక తిండీ నీళ్ళూ పడ్డాయి గాని కళ్ళు ఇంకా గుంటల్లోనే ఉన్నాయి, పెదాలు పగిలాయి. ఈ ఆటలో నాకు బొత్తిగా నచ్చనిది ఇదే. ఇద్దరూ ఒంట్లో నీరంతా తీసేసి తూకమెక్కుతారు, తెల్లారేసరికి ఇద్దరూ మళ్ళీ నింపుకుని కొట్టుకుంటారు. ఇద్దరూ ఎండకుండానే కొట్టుకోవచ్చు కదా.

"రావద్దన్నారు కదత్తా" అంది గాని, నా భుజం మీద తల ఆనించింది. ఒళ్ళు కాలుతోంది. వేడి చేసింది. మాస్టారు రూల్సు చెప్పే మీటింగ్‌కి వెళ్ళారు, పన్నెండు దాకా రారు. బోండం నీళ్ళు తాగించి, "మాడు మీద కాస్త నూనె పెడతాను" అన్నాను. మాడు మీద వరకూ సరేనంది. నేను మర్దనా చేస్తుంటే అలాగే నిద్రపోయింది. నిద్రపోయిన పిల్ల చేతులు, భుజాలు, పిక్కలు చూస్తే చర్మం ఎండు బెరడులా ఉంది. అక్కడా పట్టించాను. దొంగతనంగా చేసింది కాదు. ఫోన్లో ప్రతి ఫైటుకీ ముందు ఒకాయన వచ్చి ఆటగాళ్ళ మొహానికి వేజ్‌లైన్ పూయడం నేను చూశాను. దెబ్బ జారిపోయి చర్మం చీలకుండా పూస్తారు. మొహానికి మంచిదైతే ఒంటికీ మంచిదే అనుకున్నాను.

లేచి, మెరుస్తున్న చేతులు చూసుకోగానే శిరీష మంచం దిగింది. గబగబా సబ్బుతో స్నానం చేసి వచ్చి, "మాస్టారికి సెప్పకు" అంది. అప్పుడే నాకు గుండెల్లో రాయి పడింది.

ఆడే చోటు లాడ్జికి ఇరవై నిమిషాల దూరం. ఇండోర్ స్టేడియం, టికెట్ మూడొందలు, మెట్ల మీద కూర్చోవాలి. మాస్టారు నన్ను చూసి నిట్టూర్చి, మెడలో పాస్ వేసి, "టవలట్టుకుని మూలన కూకో" అన్నారు. మూడింటికి మొదటి ఫైట్ మొదలైంది. మాది నాలుగోది. లోపలి గదిలో శిరీష ఒళ్ళు వేడెక్కించుకోవడానికి ఇటూ అటూ ఎగురుతుంటే చెమట పట్టింది. చెమటతో పాటే లోపలికి ఇంకిన నూనె పైకి తేలింది. ట్యూబ్‌లైటు కింద భుజాలు ఇత్తడి బిందెల్లా మెరుస్తున్నాయి. తనిఖీ చేసే మేడం వచ్చి తెల్ల కాగితంతో ముంజేతిని తుడిచి చూసింది. కాగితం మీద నూనె మరక.

"ఏం రాసుకున్నారు?"

శిరీష తల దించుకుంది. "నేనే రాశాను మేడం, దానికి తెలీదు, నిద్రపోతోంది" అని లేచి నిలబడ్డాను. అప్పుడు తెలిసింది నాకు. మొహానికి వేజ్‌లైనైనా వాళ్ళ మనిషి పూయాల్సిందే. ఒంటికైతే ఏదీ రాయకూడదు, రాస్తే పట్టు జారిపోతుంది. అది మోసం కింద లెక్క. మేడం అరవలేదు. "కడుక్కుని రండి. మీ ఫైట్ పిలిచే లోపు ఇంకోసారి చూస్తాను. అప్పుడూ మరక పడితే ఫైట్ లేదు, అవతలి అమ్మాయి గెలిచినట్టు రాస్తాం" అంది. మాస్టారు నా వైపు తిరిగి, "ఇందుకే కదా వద్దన్నాను" అన్నారు మెల్లగా. ఆయన అరిచినా బాగుండేది.

సబ్బుకు లొంగని నూనె దేనికి లొంగుతుందో నాకు తెలుసు. గేటు బయట బజ్జీల బండి చూసిన గుర్తు. నా మోకాళ్ళతో ఎంత వేగంగా వెళ్ళగలనో అంత వేగంగా వెళ్ళాను. బండి దగ్గర నా ఈడు మనిషే మిరపకాయలు చీరుతోంది. శనగపిండి కావాలన్నాను.

"పిండా? బజ్జీలు కావాలా?"

"పిండే. మా కోడలికి నూనె రాసేశాను, అది వదలకపోతే ఫైటు ఆడనివ్వరంట."

నన్ను ఎగాదిగా చూసింది. "సూడబోతే పెద్దదానివి, కోడలి మీద నూనె పోసేసినావా?" అంటూనే తడపని పిండి కేజీ పొట్లం చేతిలో పెట్టింది. "పొడిపిండే రుద్దాల. నూనంతా పీల్చేసి ఉండలు కడతాది, అప్పుడు నీళ్ళు. ముందే నీళ్ళు పోసినావంటే అంటుకు సస్తాది. నా సేతులు రోజూ అలగే కడుక్కుంటాను. తలకి షాంపూ ప్యాకెట్లు, ఆ కిళ్ళీకొట్లో ఉంటాయి. బేగి ఎల్లు."

నూరు రూపాయలిచ్చాను. చిల్లర కోసం నిలబడితే, "తర్వాత ఇస్తాను, ఎల్లవే తల్లీ" అని తోలేసింది.

బాత్రూములో నేనూ శిరీషా పొడిపిండి పట్టి రుద్దాం. మెడ, భుజాలు, మోచేతి మడతలు, పిక్కలు. పసుపు ఉండలు రాలుతుంటే కడిగి, ఆరబెట్టి మళ్ళీ రుద్దాం. తలకు ఐదు షాంపూ ప్యాకెట్లు పట్టాయి. తడి జుట్టునే గట్టిగా జడలు అల్లాను. తొందరలో ఒక పాయ రెండుసార్లు తప్పింది. "అత్తా, ఫైటు నాది, నువ్వెందుకు కంగారుపడతావు" అని అద్దంలో నన్ను చూసి నవ్వింది. అవతల మూడో ఫైట్ గంట కొట్టారు. మేడం కొత్త కాగితాలు తెచ్చి మెడ వెనక, చంకలు, పిక్కలు, జుట్టు మొదలు అన్నీ తుడిచి చూసింది. మరక పడలేదు. "వెళ్ళండి" అంది.

అవతలి అమ్మాయి రమ్య, కాకినాడ పిల్ల, పొడుగ్గా ఉంటుంది. ఐదేసి నిమిషాల రౌండ్లు మూడు. మొదటి రౌండంతా దూరం నుంచే మా దాని పిక్కల మీద తన్నింది. అది ముందే ఊహించాను, మా గోడౌన్లో పట్లు బాగా నేర్పుతారు గాని తన్నులు ఆపడం తక్కువ. రెండో రౌండ్‌లో శిరీష ఆమెను నడుం పట్టి పడేసింది. పడేసిన ఆనందంలో కుడి చెయ్యి ముందుకు వదిలేసింది. రమ్య ఆ చేతిని దొరకబుచ్చుకుని, రెండు కాళ్ళూ ఛాతీ మీదుగా వేసి, మోచెయ్యి వెనక్కి విరిగేలా సాగదీసింది. దాన్ని ఆర్మ్‌బార్ అంటారు. అందులో చిక్కితే అరచేత్తో రెండు మూడుసార్లు తట్టి ఓడిపోయానని ఒప్పుకోవాలి, లేదంటే కీలు పోతుంది. "తట్టవే" అని నేను లోపల్లోపలే అంటున్నాను. ఇంతలో శిరీష మోచెయ్యి సర్రున బయటికొచ్చేసింది. జనం కేకలేశారు. మూడో రౌండంతా మా పిల్లే పైన ఉంది. ముగ్గురు జడ్జీల్లో ఇద్దరు మాకు రాశారు.

అందరూ దాన్ని ఎత్తుకుంటే నేను మూలనే ఉండిపోయాను. ఆ చెయ్యి ఎలా వచ్చింది? నేర్చుకున్న పనివల్ల వచ్చిందా, మోచేతి మడతలో నేను పట్టించిన నూనె చుక్క మిగిలి వచ్చిందా? శిరీషతో అంటే, "మేడం సూసింది కదత్తా, వదిలేయ్" అంది. వదల్లేకపోయాను. ఆ పిల్ల అన్యాయంగా ఓడిపోయి ఉంటే ఆ ఉసురు మా ఇంటికి తగలదా? వెళ్ళి అడుగుతానన్నాను. శిరీష ముందు కోప్పడింది. తర్వాత, "జారిందంటే మేడంతో నేనే సెప్తాను, గెలుపు తీసేసుకోమంటాను" అని తనే ముందు నడిచింది.

రమ్య వరండాలో బల్ల మీద కూర్చుని మోకాలికి ఐసు పెట్టుకుంటోంది. ఉన్నదున్నట్టు చెప్పాను. నూనె రాశాను, శనగపిండితో కడిగాం, నీకు చెయ్యి పట్టినప్పుడు జారిందా తల్లీ అని.

ఆ అమ్మాయి ఐసు పక్కన పెట్టింది. "ఇలా ఇవ్వండి మామ్మగారూ" అని నా కుడి చెయ్యి తీసుకుంది. పక్కన కూర్చోబెట్టుకుని, నా మణికట్టు తన ఛాతీకి ఆనించి, మోకాళ్ళతో నా భుజాన్ని బిగించింది. "ఇలా బిగించాలండీ. నేనేమో ఇలా వదిలేశాను, చూడండి" అని మోకాళ్ళు కొంచెం ఎడం చేసింది. చెయ్యి దానంతటదే బయటికొచ్చింది. "జారలేదండీ. తొందరపడ్డాను. మా కోచ్ ఇందాకటి నుంచి దీనికే తిడుతున్నారు."

"ఇంకోసారి బిగించు" అన్నాను. నా అనుమానం అలాంటిది. బిగించింది. మోచేతిలో చిన్న నొప్పి మొదలవుతూనే ఎడమ చేత్తో ఆమె కాలి మీద తట్టాను. రెండోసారి తట్టకుండానే వదిలేసింది. వదిలేసి, "నొప్పెట్టిందాండీ?" అని నా మోచెయ్యి నిమిరింది. శిరీష పక్కన నిలబడి, "మాయత్త తట్టీసిందని మాస్టారికి సెప్తాను" అంది. ముగ్గురం నవ్వాం. నాకు కళ్ళనీళ్ళు కూడా వచ్చాయి.

ఈ ఆటంటే మనుషులను మృగాల్లా కొట్టుకునేలా చేస్తుందని మా వీధిలో చాలామంది అంటారు. ఒకప్పుడు నేనూ అన్నాను. అరవై ఆరేళ్ళ బతుకులో ఇక చాలని నేను అన్న చోటల్లా ఎవరో ఒకరు ఇంకాస్త నొక్కే చూశారు. పదిహేను నిమిషాల కింద ఓడిపోయి, కోపంగా ఉండాల్సిన పిల్ల, ఒక్క తట్టుకు వదిలేసింది. ఆ అలవాటు ట్రైనింగ్‌లో వేలసార్లు తట్టి, తట్టించుకుని వచ్చిందని గోడౌన్ చూసినదాన్ని కాబట్టి నాకు తెలుసు. నా భయం పోలేదు, పోదు కూడా. రెండో ఫైట్‌కి ఆ బరువు మళ్ళీ దించాలి, ఆ చెయ్యి మళ్ళీ ఎవరి చేతికో చిక్కుతుంది. అయినా దాన్ని ఎలాంటివాళ్ళ మధ్యకు పంపుతున్నానో ఇప్పుడు తెలిసింది.

మీవాళ్ళతో వెళ్ళేవాళ్ళకు ఒక్కటే చెప్తాను. తలంటు పోయాలనుకుంటే పోటీకి నాలుగు రోజుల ముందే పోసేయండి. ఆ తర్వాత నూనె గాని, నొప్పుల మందు గాని, పౌడరు గాని, ఏది పట్టించాలన్నా ముందు కోచ్‌ని అడగండి. ఆయన కసిరినా సరే.