పగుళ్ళ పంతులమ్మ

మా పిన్ని కాలేజీలో లెక్కలు చెప్పేది. ఊళ్ళోవాళ్ళు మాత్రం ఆవిణ్ణి పగుళ్ళ పంతులమ్మ అనేవాళ్ళు. గోడ బీటలిచ్చినా, రోడ్డు పక్క బురద ఎండి నెర్రెలు విచ్చినా ఆవిడ ఇక కదిలేది కాదు. అక్కడే గొంతుక్కూర్చుని కొలవడం మొదలుపెట్టేది.

"పగులంటే పగులే కదే, అందులో అంత చూసేదేముంది?" అని మా అమ్మ విసుక్కునేది.

"ఎటు పోవాలో దానికెవరు చెప్పారక్కా?"

ఆ ప్రశ్నకు పుస్తకాల్లో జవాబు దొరకలేదు. అందుకని బంకమట్టిని నీళ్ళలో కలిపి, పళ్ళేల్లో పోసి, డాబా మీద ఆరబెట్టింది. ఒకటి, రెండు అనుకుంటూ ఇంట్లో పళ్ళేలన్నీ డాబా ఎక్కేశాయి. "తిండి అరచేతిలో పెట్టుకు తినమంటావా అమ్మాయ్?" అని పిన్ని అత్తగారు సాధించేది. బాబాయి గిన్నెతో సర్దుకునేవాడు.

కొన్నేళ్ళకి పిన్ని ఒక సంగతి తేల్చింది. మట్టి ఆరుతూ ముడుచుకుంటుంటే లోపల అన్నివైపులా లాగుడు పుడుతుంది. పగులు తెరుచుకోగానే దానికి అడ్డంగా ఉన్న లాగుడు సడలిపోతుంది. దాని పొడవునా ఉన్నది మాత్రం మిగిలిపోతుంది. అందుకే తర్వాత వచ్చే పగులు పాతదాన్ని లంబకోణంలోనే కలుస్తుంది. ఇదంతా సమీకరణాల్లో పెట్టి చూపించేసరికి పెద్ద పత్రికలో అచ్చయింది, సభలకు పిలుపులొచ్చాయి. ఏ మట్టయినా ఇంతేనని ఆవిడ ధీమాగా చెప్పింది.

ఒక ఎండాకాలం వేరే కాలేజీలో పాఠాలు చెప్పడానికి వెళ్ళింది. తిరిగొచ్చి డాబా ఎక్కీ ఎక్కగానే కెవ్వుమంది. మేమంతా పైకి పరిగెత్తాం. ఒక పళ్ళెంలో మట్టి అచ్చం తేనెపట్టులా చీలి ఉంది. కలిసిన ప్రతిచోటా మూడు పగుళ్ళు సమానంగా విచ్చుకున్నాయి. లంబకోణం మచ్చుకైనా లేదు.

"దీన్నెవరు ముట్టుకున్నారు?"

అత్తగారు బిక్కమొహం వేసింది. "నేనేనమ్మా. మరీ ఎండిపోతోందని, మొక్కలకు పోసినప్పుడల్లా దానికీ కాసిని పోశాను. పాడైపోయిందా?"

పిన్ని ఆవిడ చేతులు రెండూ పట్టుకుంది. "పాడైంది నా సిద్ధాంతం అత్తయ్యా! మళ్ళీ పోస్తారా? ఈసారి నేనూ చూస్తాను."

అత్తాకోడళ్ళిద్దరూ ఆ పనిలో పడ్డారు. తడిపినప్పుడు పగుళ్ళు మూసుకుంటున్నాయి. ఆరినప్పుడు ఉన్నచోట కాక, కొంచెం పక్కకు జరిగి తెరుచుకుంటున్నాయి. అలా జరిగి జరిగి, మూడువైపులా లాగుడు సమమయ్యాక కుదుటపడుతున్నాయి.

తర్వాతి సభలో పిన్ని "కిందటిసారి నేను సగమే సరిగ్గా చెప్పాను, మిగతా సగం తప్పు చెప్పాను" అని మొదలుపెట్టింది. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారట. ఆవిడ పట్టించుకోకుండా పళ్ళెం ఎత్తి చూపించింది. ఆవిడకు పేరు తెచ్చింది ఈ రెండో లెక్కే. తడుస్తూ ఆరుతూ ఉండే కాలవగట్లు కట్టే ఇంజనీర్లు దాన్ని వెతుక్కుంటూ ఇంటికొచ్చారు. వాళ్ళు డాబా మీద ఉన్నంతసేపూ అత్తగారు పక్కనే నిలబడి, నీళ్ళు ఎలా పోయాలో వివరంగా చెప్పింది.

ఇప్పుడు పెద్దావిడ లేదు. పిన్నీ రిటైరైంది. మొన్న వెళితే డాబా మీద తడిమట్టి పళ్ళెం ముందు కూర్చుని ఉంది. మొట్టమొదటి పగులు ఎక్కడ పుడుతుందో మాత్రం ఇప్పటికీ ముందుగా చెప్పలేకపోతోందట.

"పందెం కడతావా?" అంది.

నేను అంచు చూపించాను, ఆవిడ నడిమధ్య వేలు పెట్టింది. మట్టి నెమ్మదిగా రంగు మారింది. మేమనుకున్న రెండు చోట్లా కాకుండా, వేరేచోట సన్నటి గీత పడింది.

"చూశావా దీని తెలివి!" అని పిన్ని కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది.