సొంటి కలిపిన మామిడిరసం

మా బామ్మర్ది కమలాకర్‌కు పిల్లను చూడబోవడమంటే ముందు మనసులో మెదిలేది పిల్ల కాదు, పళ్లెం. ఈ మాట నేను కడుపుమంటతో అంటున్నానని నా భార్య సుహాసిని అంటుంది. ఆమె వాడికి సొంత అక్క, అలా కాక ఇంకెలా అంటుంది? కానీ ఆ ఇళ్లన్నిటికీ కారు నడిపింది నేను. వాళ్లిద్దరూ తింటుంటే గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నదీ నేనే.

తెలంగాణ వచ్చిన మరుసటేడు కమలాకర్‌కు నల్గొండలో సర్కారు నౌకరి దొరికింది. జూనియర్ అసిస్టెంటు. నెత్తినిండా వెంట్రుకలు, ముప్పై దాటని వయసు, ఒకటో తారీఖు జీతం. సంబంధాలు వాటంతటవే నడిచి వచ్చాయి. వాడూ, వాళ్లక్కా వాటిలో ఒక్కదాన్నీ చూడకుండా వదిలిపెట్టలేదు. చూసినదాన్ని ఒక్కదాన్నీ వదిలిపెట్టకుండా ఉండలేదు.

మా అమ్మ మొదట్లోనే చెప్పింది. "ఖాయం గాని ఇంట్ల చాయ్ తప్ప ఏం ముట్టొద్దు బిడ్డా. తిన్న నోటితోని రేపు వద్దని ఎట్ల చెప్తరు?" అంది. మా పెద్దలందరూ అలాగే చేశారు. మా నాయిన అయితే ఖాయమయ్యే దాకా నీళ్లు కూడా తాగలేదట. ఆ కాలం పోయిందని సుహాసిని అత్తను నవ్వుతూ తీసిపారేసింది. పెట్టినవి ముట్టకపోతే వాళ్ల మనసు కష్టపడుతుందట. ఎదుటివాళ్ల మనసు కష్టపెట్టకూడదనే పట్టుదల ఆ అక్కాతమ్ముళ్లకు అప్పటినుంచే మొదలైంది.

ఆదివారం పొద్దున ఇద్దరూ ఇంట్లో ఏమీ తినరు. కారెక్కగానే లెక్కలు మొదలు. దేవరకొండ దారిలో వాళ్లయితే కజ్జికాయల్లాంటి గర్జెలు తప్పకుండా పెడతారని ఒకరు, టౌనువాళ్లు బేకరీ నుంచి తెచ్చి సరిపెడతారని మరొకరు. పిల్ల ఏం చదివిందో ఆ మాటల్లో వచ్చేది కాదు. అక్కడికి పోయాక పిల్ల పళ్లెం పట్టుకుని వచ్చేది. కమలాకర్ చూపు ఆ పళ్లెంతో పాటే బయలుదేరి పళ్లెంతో పాటే బల్ల మీద వాలేది. పిల్ల తానే చేశానంటే మెచ్చుకోలుగా ఇంకోసారి వడ్డించుకునేవాడు. వాళ్లమ్మ చేసిందంటే పెద్దలకు మర్యాదగా ఇంకోసారి వడ్డించుకునేవాడు.

తిరుగు దారిలో చాయ్ దగ్గర ఆగినప్పుడు తీర్పు. ఆ విద్యలో నా భార్యను మించినవాళ్లు లేరు. ఒక పిల్ల పొడుగు, ఒక పిల్ల నవ్వు పెద్దది, ఒక పిల్ల నడక తొందర, ఇంకో పిల్ల మరీ నెమ్మది. అక్కడికక్కడే ఫోన్ చేసి ఎంతో బాధపడుతున్నట్టు చెప్పేది. ఆ తర్వాత సంబంధం కుదరలేదన్న బెంగ తీర్చుకోవడానికి నల్గొండలో గడియారం దగ్గర మిఠాయి దుకాణంలో కూర్చుని ఇద్దరూ చెరో గిన్నె డబల్ కా మీఠా తినేవాళ్లు. అంత బెంగ పడినవాళ్లను నేనెక్కడా చూడలేదు.

ఏ పిల్ల పేరూ వాళ్లకు గుర్తుండేది కాదు. కొబ్బరి ముక్కిన గర్జెల పిల్ల, సొరకాయ ఖీరు పిల్ల, బజ్జీల్లో వాము ఎక్కువైన పిల్ల, అలా చెప్పుకునేవాళ్లు. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండేది. ఆ పిల్లలు పొద్దున్నే లేచి పొయ్యి దగ్గర నిలబడి, చీర మార్చుకుని, మనుషులు వస్తున్నారని గుమ్మం వైపు చూస్తూ కూర్చున్నవాళ్లు. వీళ్లకేమో వాము గుర్తు.

పాపం, వాళ్లకూ ఒక కథ ఉంది. చిన్నప్పుడు వాళ్ల బాపు అంగడి నుంచి జిలేబీ తెస్తే ఉమ్మడి కుటుంబంలో పంపకాలయ్యేసరికి వీళ్లిద్దరికీ పొట్లం కట్టిన కాగితమే మిగిలేదట. దాన్ని చెరోవైపు పట్టుకుని నాకేవాళ్లట. విని నాకు జాలి వేసింది, అబద్ధం చెప్పను. కానీ ఆ జిలేబీలన్నీ ఊళ్లోని ఆడపిల్లల దగ్గర వసూలు చేస్తారా?

ఇంకో సంగతి ఉంది. వారమంతా సుహాసిని మా అమ్మకు ఉప్పు లేని కూర, నాకు నూనె లేని కూర వండి, వంటిల్లు కడిగి, పడుకుంటుంది. ఆమె గట్టిగా నవ్వగా నేను విన్నది ఆ కారులో, తమ్ముడి పక్కనే. తమ్ముడికి పెళ్లయితే వాడి పక్కన ఇంకొకామె కూర్చుంటుంది. ఆదివారాలు ఆమెవి అవుతాయి. అందుకే ఏ పిల్లా నచ్చలేదు. ఒకసారి ఈ మాట ఆమెతో అంటే రెండు రోజులు నాతో మాట్లాడలేదు. అంటే నేనన్నది నిజమే.

ఏళ్లు గడిచాయి. కమలాకర్ నెత్తి పలచబడింది, పొట్ట ముందుకొచ్చింది. మధ్యవర్తులు ఫోన్ ఎత్తడం మానేశారు. వాడి తర్వాత ఆఫీసులో చేరినవాళ్ల పిల్లల పుట్టినరోజులకు వెళ్లి కేకు తిని, కిరాయి రూముకు పోయి ఒక్కడే పడుకునేవాడు. ఈ ఎండాకాలం ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చి అక్క పెట్టిన ఉప్మా ముట్టకుండా కూర్చున్నాడు. నాకు అప్పుడే అనుమానం వచ్చింది.

"బావ, ఈసారి ఏ వంకా పెట్టొద్దు. ఎవ్వలైనా సరే చేసుకుంట. పొద్దుగూకినంక ఆ రూముకు పోవాల్నంటే బుద్ధైతలేదు," అన్నాడు.

నాతో అన్నాడు కానీ అక్కను చూస్తూ అన్నాడు. సుహాసిని చాలాసేపు పళ్లెం సర్దుతూ ఉండిపోయి, అట్లనే తమ్మీ అంది.

కొత్త మధ్యవర్తి ఒకాయన కొల్లాపూర్ సంబంధం తెచ్చాడు. అమ్మాయి పేరు శ్రీదేవి, అక్కడే బడిలో టీచరు. ఫోన్‌లో పంపిన ఫొటోలో కళ్లద్దాలు పెట్టుకుని సూటిగా చూస్తోంది. కారులో కమలాకర్ మాకు మాటిచ్చాడు. పళ్లెం చూడనన్నాడు, పిల్లను చూస్తానన్నాడు. దారి పొడుగునా మామిడి తోటలు కాసి వంగి ఉన్నా వాటి సంగతి ఎత్తలేదు.

ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడు కూడా. అమ్మాయి పూర్ణం పెట్టిన పోలెలు, గ్లాసుల్లో మామిడిరసం తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎవరూ చెప్పకముందే ఎదురు కుర్చీలో కూర్చుంది. కమలాకర్ ఆమెనే చూశాడు. నేను వాడి ముఖం చూశాను. ఇన్నేళ్లలో ఒక మనిషిని చూస్తూ వాడి ముఖం అలా మెత్తబడడం నేనెన్నడూ చూడలేదు. హమ్మయ్య, నా కారుకు విశ్రాంతి దొరికిందనుకున్నాను.

ఇంటాయన గోపాల్ గారు, అమ్మాయి తండ్రి, తీసుకోమని మర్యాద చేశాడు. కమలాకర్ ఒక చేత్తో పోలె తుంచుకుని రసం ఒక గుక్క తాగాడు. అంతే, కళ్లు పిల్ల మీది నుంచి గ్లాసులోకి దిగాయి.

"అక్కా, గీ రసం మనం ఎక్కడ్నో తాగినం."

సుహాసిని ఒక గుక్క తాగి కళ్లు మూసుకుంది. ఏళ్ల తరబడి సంపాదించిన జ్ఞానమంతా ఆ ముఖంలో కనిపించింది. "ఆత్మకూర్ల తాగినం తమ్మీ. సొంటి, మీదికెల్లి జర మిరియాలపొడి. గిట్ల ఇంకెవ్వలు కలుపరు," అంది గర్వంగా.

గోపాల్ గారు తల దించుకున్నాడు. అమ్మాయి మాత్రం దించుకోలేదు.

"అవును, ఆత్మకూర్లనే," అంది. "అప్పుడు మేం ఆడ కిరాయికుంటిమి. ఆ రసం గూడ నేనే కలిపిన. మీ ముంగట పెట్టింది గూడ నేనే."

నేను లెక్క వేసుకున్నాను. ఏడేళ్లవుతుంది. ఆ రోజు అక్కాతమ్ముళ్లు ఆ రసం మీద కారులో దేవరకొండ దాకా మాట్లాడుకున్నారు. క్యాలెండరు చూస్తూ కూర్చున్న నేను పిల్ల ఎలా ఉందని అడిగితే ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

అమ్మాయి గొంతులో కోపం లేదు. దానికే నాకు ఎక్కువ భయం వేసింది. "మీ పేరు చూడంగనే నాయిన వద్దన్నడు. నేనే రానియ్యమన్న. మనిషి గుర్తుంటదో లేదో చూద్దామని," అంది. "పిల్ల మాట తక్కువ అని అప్పుడు ఫోన్ చేసిండ్రు. నన్ను ఎవ్వలన్న మాట అడిగితె గద చెప్పెటందుకు. పోలెలల్ల యాలకులు ఏసినవా అని ఒక్కటే అడిగిండ్రు. ఏసిన అన్న."

అప్పుడు కమలాకర్ ఒక్క మాట అంటే బాగుండేది. తప్పయిందనైనా అనొచ్చు. చేతిలో పోలె ముక్క, నోటి చివర రసం, నోరు తెరిచాడు, మూశాడు. అక్క వైపు చూశాడు. అక్క గ్లాసులోకి చూసింది. ఏ ఇంట్లో ఏ మసాలా ఎంత పడిందో చెప్పగల ఇద్దరికీ ఒక్క మాట దొరకలేదు.

శ్రీదేవి లోపలికి పోయి మిగిలిన పోలెలు ఒక స్టీలు డబ్బాలో సర్ది తెచ్చింది. "తొవ్వల తినుండ్రి. ఈసారి ఫోన్ మేం చేస్తం," అని నా చేతిలో పెట్టింది. నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కానీ పక్కన నిలబడ్డ వాడి ముఖం చూసి చేతులు రాలేదు. ఎంతైనా నా బామ్మర్ది.

కల్వకుర్తి దాటాక ఎప్పుడూ తీర్పు చెప్పుకునే చాయ్ దుకాణం దగ్గరే ఆగాం. డబ్బా వెనక సీటులో ఇద్దరి మధ్యా మూత తీయకుండానే ఉంది. చాయ్ వచ్చేసరికి నా ఫోన్ మోగింది. గోపాల్ గారు ఎంతో మర్యాదగా మాట్లాడాడు. పిల్లగాడు మంచోడేనని, కాకపోతే మాట తక్కువగా ఉందని బిడ్డ అంటోందని, ఏమీ అనుకోవద్దని చెప్పాడు. నేను ఉన్నదున్నట్టు వీళ్లకు చెప్పాను.

సుహాసినికి అలవాటు తప్పలేదు. ఆ అమ్మాయి నోరు పెద్దదని, పెద్దల ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చుందని మొదలుపెట్టింది. కాలు మీద కాలు ఆ అమ్మాయి వేయనే లేదు.

"ఆపు అక్కా," అన్నాడు కమలాకర్. "మంచిగున్నది ఆ పిల్ల. అప్పుడు గూడ మంచిగనే ఉండొచ్చు. నేనే చూడలె."

ఆమె ఆగిపోయింది.

నల్గొండలో గడియారం దగ్గరికి వచ్చేసరికి నా కాలు అలవాటుగా బ్రేకు మీదికి పోయింది. మిఠాయి దుకాణంలో లైట్లు వెలుగుతున్నాయి. ఆపమని ఒక్కరూ అనలేదు. నేను పోనిచ్చాను.

రూము ముందు కారు దిగి కమలాకర్ కిటికీ దగ్గరే నిలబడ్డాడు. డబ్బా వైపు చెయ్యి చూపించాడు.

"గా డబ్బా వాపస్ ఇయ్యాలె గద అక్కా," అన్నాడు. "వట్టి డబ్బా ఇయ్యొద్దంటరు. మనం ఏం చేసిపెట్టి ఇస్తం?"

ఇన్నేళ్లూ నల్గొండ నుంచి కొల్లాపూర్ దాకా ప్రతి ఇంటి తీపికీ పేరు పెట్టి, ఏ ఇంటికీ ఏదీ చేసి ఇవ్వని నా భార్య నా వైపు చూసింది. కారు గేరు వేశాను.