అడగడం వరకే

ఆటిజం ఉన్న పిల్లలకు నలుగురితో కలవడం నేర్పే ఆ టీచరమ్మకు బడిలో ‘నాటకాలావిడ’ అని పేరు. మోకాళ్ళు పట్టేసినా రోజూ నేలమీద చతికిలబడి, తానే అలిగిన పిల్లై మూతి ముడుస్తుంది, మరుక్షణం స్నేహితురాలై చేయి చాస్తుంది. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతెకు ‘నేనూ ఆడొచ్చా?’ అన్న ఒక్క మాటను నెల్లాళ్ళు సాధన చేయించింది. నిన్న విరామంలో ఆ పిల్ల తాడాట ఆడేవాళ్ళ దగ్గరికి వెళ్తుంటే, ఈవిడ వరండాలో ఊపిరి బిగబట్టి నిలబడింది. పిల్ల అక్షరం పొల్లుపోకుండా అడిగి, గిర్రున తిరిగొచ్చేసింది.

“రానివ్వలేదా తల్లీ?”

“రమ్మన్నారు.”

“మరి వచ్చేశావేం?”

“మీరు చెప్పింది అడగడం వరకేగా.”

టీచరమ్మ కళ్ళజోడు తీసి, నవ్వీ నవ్వీ వచ్చిన కన్నీళ్ళు తుడుచుకుంది.

“తప్పు నాదేనమ్మా. రమ్మంటే వెళ్ళి ఆడుకోవాలి.”

పిల్ల బుద్ధిగా తలూపి మళ్ళీ బయలుదేరింది. అక్కడ పిల్లలంతా తాడు తిప్పడం ఆపేసి, ఆమె కోసమే ఎదురుచూస్తున్నారు.